లస్కరు కంటి గీత, మా పాప కంటి గీత

మా పాప చదివిందండీ. కాలువలో గేజి రాయి మీదున్న అంకెని, చేత్తో తడమకుండా, గట్టు మీద నిలబడి, తన రెండు కళ్లతో చూసి చదివింది. అది ముందు చెప్పేయకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు. అది చదివిన పావుగంటకే, మా కాలువ షట్టర్లెత్తి దించి వంతుల చొప్పున నీళ్లు వదిలే లస్కరు చనిపోయాడన్న కబురు వచ్చింది. రెండూ ఒకే మంగళవారం, ఒకే తూము దగ్గర. ఏది ముందు రాయాలో ఆలోచిస్తూ ఉండగానే సంతోషం నోట్లోంచి పడిపోయింది. పెద్దలు తప్పు పట్టకండి.

కబురు ముందు నోటి మాటగా రాలేదు. షట్టరు తాళంచెవి వేరే మనిషి చేతిలో కనపడింది, అంతే. పదకొండేళ్లుగా ఆ తాళంచెవి లస్కరు మొలతాడుకి తప్ప ఇంకెక్కడా వేలాడగా నేను చూడలేదు. కొత్తగా వచ్చినాయన నేను అడక్కుండానే, మూడు రోజులు జ్వరం, ఆదివారం పొద్దున రాయచూరులో పోయాడు, దహనం కూడా అయిపోయింది అని చెప్పి, షట్టరు పని చూసుకున్నాడు.

నేను ఐదో క్లాసు దాకా చదివినవాణ్ణి. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. కాని ఒక్క మాట ముందే చెప్తున్నాను. ఇలాంటి రాతల్లో పోయినవాళ్లందరూ దేవుళ్లయిపోతారు. లస్కరుని నేను దేవుణ్ణి చెయ్యను. చేస్తే అతనే లేచొచ్చి కర్రతో నా డొక్కలో పొడుస్తాడు. పదకొండేళ్లలో మేమిద్దరం ఒకరికొకరం ఒక్క మంచి మాట చెప్పుకోలేదు. ఒకసారి నేను అతణ్ణి కాలువలోకి తోశాను కూడా. అదీ రాస్తాను.

మేం గుడివాడ పక్క నుంచి వచ్చినవాళ్లం. అక్కడున్న చిన్న పొలం చెక్క అమ్ముకుని, ఇక్కడ రాయచూరు జిల్లాలో సింధనూరుకీ మస్కికీ మధ్య నల్లరేగడి కొని, మొదటి రెండేళ్లూ గుడారాల్లో ఉన్నాం, అందుకే మా ఊరిని ఇప్పటికీ క్యాంపనే అంటారు. కాలువలో నీళ్లు రాగానే వరి వేశాం. సర్కారు వారు ఈ కాలువని జొన్నకీ పత్తికీ వేరుశనక్కీ తవ్వించారట, తడిపి ఆరబెట్టే పంటలకి. మాకు అదేం తెలుసు. మాకు నీళ్లంటే మడి నిండా నిలబడాలి. ఆ ఒక్క సంగతి మీదే లస్కరుకీ మా క్యాంపుకీ పగ.

అతనిది రాయచూరే, తాతల నాటి నుంచీ కోట కింద ఇల్లు. మాట్లాడేది తెలుగే, కాని మా తెలుగు కాదు. తెలుగులో మొదలుపెట్టి, ఉర్దూలో తిట్టి, కన్నడంలో ముగించేవాడు. మాసిన ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో ఇనప పొన్ను వేసిన కర్ర. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. కాలువ గట్టు మీద రేకుల గదిలో ఒక్కడే ఉండేవాడు. అతని చెల్లెల్ని ఇచ్చిన ఊరు ఇదే కాలువ చివర్న ఉంది. అక్కడి దాకా నీళ్లు పారేవి కావు. పైన మేమే తాగేసేవాళ్లం. అప్పట్లో ఎవరైనా ఈ మాటంటే కొట్టడానికి వెళ్లేవాణ్ణి, ఇప్పుడు నేనే రాస్తున్నాను.

మొదటిసారి మా మడి గట్టు మీద నిలబడి ఏమన్నాడంటే, "జొన్న తినే నేలకు వరి మరిగించిన్రు మీరు. కింద మనుషులున్నరని యాది గూడ లేదు." కింద వాళ్లకి నీళ్లు కావాలంటే పైకొచ్చి పొలం కొనుక్కోమన్నాను. అలా మొదలైంది.

గేజి రాయి మా తూముకి కాస్త దిగువన ఉంటుంది. కాలువలో నిలబెట్టిన రాతి స్తంభం, సున్నం మీద నల్లటి అంకెలు అడుగులకి, వాటి మధ్య చిన్న గీతలు. నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో అది చెప్తుంది. లస్కరు రోజూ తెల్లవారగానే కాలువలో దిగి, తువ్వాలు తడిపి, రాయికి పట్టిన నాచు తుడిచేవాడు, చంటిపిల్లకి మొహం కడిగినట్టు. తుడిచాక గీతల మీద వేలు రాసి, పైకెక్కి, పుస్తకంలో అంకె వేసుకునేవాడు. నేను గట్టు మీద నిలబడి ఎగతాళి చేసేవాణ్ణి, కళ్లతో చూస్తే సరిపోదేంటయ్యా, రాయితో సరసమేంటి అని. అతను తువ్వాలు పిండుకునేవాడు. నీళ్లెంతున్నాయని ఎవరడిగినా అతని జవాబు ఒకటే.

"రాయి చెప్తది, నేను చెప్ప."

మా తూము దాటాక నీళ్లు ఇంతలా ఎందుకు తగ్గుతున్నాయని నన్ను నిలదీసేవాడు. నీ రాయే అబద్ధం అనేవాణ్ణి. నిజానికి తూము పక్కన, నీళ్ల అడుగున, ఎవరికీ కనపడకుండా నేను ఇంకో సిమెంటు గొట్టం దూర్చాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. రాయి అబద్ధమని వందసార్లు అన్నాక నాకే నిజమనిపించింది.

ఇక మా పాప సంగతి. పెళ్లయిన ఇరవై రెండేళ్లకి పుట్టింది. నాకు యాభై దాటాయి. పుట్టిన రోజు క్యాంపంతా జిలేబీ పంచాను, దేవదుర్గ నుంచి నాట్లకొచ్చిన ఆడవాళ్లక్కూడా దోసిళ్లతో పెట్టాను. వారం తిరక్కుండా మా ఆవిడే చూసింది, రెండు కళ్లలోనూ నల్లగుడ్డు మధ్యలో మజ్జిగ చుక్క పడ్డట్టు తెల్లగా ఉంది. దీపం చూపిస్తే చూపు నిలపదు. మేం వంగితే మా మొహాలు చూడదు, గొంతు వినపడ్డ వైపు తిరుగుతుంది.

మా అన్నయ్య ఉత్తరం రాశాడు, ముసలితనంలో పిల్లల్ని కంటే ఇలాగే ఉంటుందని. కింద మా వదిన ఇంకో నాలుగు వాక్యాలు కలిపింది, అలాంటి పిల్లల్ని పెట్టుకునే ఆశ్రమం ఒకటుందట, మమకారం పెరక్కముందే ఇచ్చెయ్యండని. మా అత్తగారు మనిషిని పంపి, గర్భంతో ఉండగా గ్రహణం చూసిందని కూతుర్నే తిట్టించింది. అన్నయ్య ఉత్తరం నా పెట్టెలో అడుగున ఉంది. జవాబు రాయలేదు. ఇప్పుడు రాస్తాను, కాస్త ఆగండి.

పాపకి మూడేళ్లు వస్తున్నాయనగా ఒక మధ్యాహ్నం తూము దగ్గర లస్కరుతో పెద్ద గొడవ. నా వంతు అయిపోయిందని షట్టరు దించుతున్నాడు, నేను దించనివ్వనంటున్నాను. మా ఆవిడ క్యారేజీ తెచ్చి పాపని గట్టు మీద కూచోబెట్టింది. ఉర్దూలో మంచి తిట్టు ఒకటి అందుకున్నవాడు మధ్యలో ఆగిపోయాడు. పాపని చూస్తున్నాడు. నీళ్ల మీద ఎండ మెరిసి పిల్ల మొహాన పడుతోంది. పిల్ల మొహం పక్కకి తిప్పుకుంటోంది. మెరుపు పోగానే మళ్లీ ఇటు తిప్పుతోంది.

లస్కరు తన అన్నం డబ్బా మూత తీసి, ఎండకి పట్టి, ఆ వెలుగు తిన్నగా పాప కళ్లలో కొట్టాడు. పిల్ల మొహం చిట్లించింది. ఇంకోసారి కొట్టాడు. గుడ్డిపిల్లతో ఆటలాడుతున్నాడనుకున్నాను నేను. కళ్లు తిరిగినంత కోపం వచ్చింది. రెండు చేతులా తోసేశాను. వెళ్లి కాలువలో పడ్డాడు.

నడుం లోతు నీళ్లలో లేచి నిలబడి, తువ్వాలు వెతుక్కుంటూ అన్నాడు, "పాగల్, నీ బిడ్డ కంట్లకు వెలుగు పోతున్నది. షట్టరు కిందికి దిగున్నది, గంతే. దాని ఎన్క కాలువ ఉన్నదో లేదో ఎవనికన్న చూపించు. నన్ను తర్వాత తోస్దువు."

మా ఆవిడ ఆ మాట పట్టుకుంది. నాలుగో రోజున రాయచూరు కంటి డాక్టరు దగ్గరున్నాం. ఆయన హైదరాబాదు పెద్దాస్పత్రికి చీటీ రాసిచ్చాడు. అక్కడి డాక్టరమ్మ మంచిదే, ఓపిగ్గా చెప్పింది. కంటిలో ఉండే అద్దం పుట్టుకతోనే తెల్లబడిపోయింది, దాన్ని తీసెయ్యొచ్చు, తర్వాత కళ్లద్దాలు పెట్టొచ్చు. కాని ఆ అద్దం వెనకాల వెలుగుని పట్టుకునే పొర ఒకటుంటుంది. అది బతికుంటేనే ఆపరేషను. ముందు తెలుపు అడ్డం ఉంది కాబట్టి తనకి వెనక ఏముందో కనపడదు. అందుకని కరెంటు పరీక్ష చెయ్యాలి, కంటి మీద చిన్న గాజు గిన్నెలాంటిది పెట్టి, దానికి తీగ తగిలించి చూస్తాం అంది.

నాకు తీగ, కరెంటు, కన్ను, ఈ మూడు మాటలే వినపడ్డాయి. అంతకు ముందు సంవత్సరమే మా తమ్ముడు వాగు మీద మోటారు దగ్గర తడి చేత్తో స్విచ్చి ముట్టుకుని పోయాడు. వాణ్ణి నేనే కట్టెతో తోసి విడిపించాను, అప్పటికే అయిపోయింది. కరెంటంటే నాకు తెలిసింది అది. మూడేళ్ల పిల్ల కంటిలో పెడతారట. డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్లగానే పాపని చంకనేసుకుని మెట్లు దిగిపోయాను. మా ఆవిడ వెనకాలే పరుగు.

క్యాంపుకొచ్చి అబద్ధం చెప్పాను. డాక్టర్లే లాభం లేదన్నారని. అందరూ వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్లారు. మా ఆవిడ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, నోరు విప్పేది కాదు. ఇరవై రోజులు. అన్ని రోజులూ నాతో మాట్లాడని మనిషి తిన్నగా వెళ్లి నా శత్రువుకి చెప్పింది, గట్టు మీద, జరిగిందంతా.

ఒక ఆదివారం లస్కరు మా క్యాంపులోకి వచ్చాడు. పదకొండేళ్లలో అదొక్కసారే. కుక్కలు కూడా మొరిగాయి. మా వాకిట్లో బండి నొగ మీద కూచున్నాడు. మా ఆవిడ మజ్జిగ తెస్తే వద్దన్నాడు, అది మా చెల్లెలి ఊరికి పోవాల్సిన నీళ్లమ్మా, నేనెట్ల తాగాలె అన్నాడు. ఇంటికొచ్చి కూడా పొడవటమే. రాయచూరు కంటి డాక్టరు దగ్గర కాంపౌండరు లస్కరు సొంత తమ్ముడట. సెలవు పెట్టి వెళ్లి తమ్ముణ్ణి కూచోబెట్టి పరీక్ష సంగతంతా అడిగి వచ్చాడు. నన్ను పిలిచి అడిగాడు.

"గా గేజి రాయి నీళ్లిస్తదా?"

ఇవ్వదన్నాను.

"తాగుతదా?"

తాగదన్నాను.

"ఉన్నది ఎంతో చెప్తది, గంతే గదా. గా మిషన్ గూడ గంతే. కరెంటు మిషన్లకెల్లి కంట్లకు పోదు. కంట్లకెల్లి మిషన్లకు వస్తది. వెలుగు పడితే కన్నే జరంత కరెంటు పుట్టిస్తదంట, చీమంత. మిషన్ దాన్ని చూసి కాయిదం మీద గీత గీస్తది. గీత లేస్తే కన్ను బతికున్నట్టు."

నీ రాయే అబద్ధం, ఇక నీ మిషను నిజమా అన్నాను నేను. బుద్ధి అంతే ఉంది అప్పటికి.

అతను లేచి, కర్ర నేలకి రెండుసార్లు కొట్టి, "అయితే ముందుగాల నా కంట్ల పెట్టించుకుంట. నేను సస్తే నువ్వు బిడ్డను ఎత్తుకొని వాపస్ రా. నీకు రెండు లాభాలు," అన్నాడు. ఇరవై రోజుల తర్వాత మా ఆవిడ నవ్వగా విన్నాను.

వెళ్లాం. వాడి జంక్షన్లో రైలు మారి హైదరాబాదు చేరేదాకా ఇద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం. వరి గురించి, జొన్న గురించి, నిజాం కాలం మంచిదా కాదా అని కూడా. పక్కన కూచున్నాయన మేం అన్నదమ్ములం, ఆస్తి పంపకాల గొడవనుకుని సర్దిచెప్పబోయాడు. పాప మాత్రం లస్కరు ఒళ్లోనే ఉంది, అతని కర్ర పట్టుకుని. ఆ కర్రకి అడుగున్నర పొడుగునా చాకుతో గాట్లు పెట్టుకున్నాడు, గేజి రాయి మీద గీతల్లాగే. పిల్ల వేలు పట్టుకుని ఒక్కో గాటు మీదా పెట్టించి ఒకటి, రెండు, మూడు అని నేర్పించాడు దారంతా. మా పాపకి అంకెలు వచ్చింది అలా, రైల్లో, వేలితో.

డాక్టరమ్మ నన్ను చూసి కోప్పడింది, పారిపోయినందుకు. లస్కరు అడ్డం వెళ్లి, ఈయనకు భయం పోతే గానీ బిడ్డను పండబెట్టడమ్మా, ముందు నా కంట్ల పెట్టు, చూస్తడు, అన్నాడు. ఇది ఆటా అంది ఆవిడ. తర్వాత ఏమనుకుందో, సరే, పిల్లకి పెట్టే ముందు మిషను సరిచూసుకున్నట్టూ ఉంటుందంది.

చీకటి గది. కొంతసేపు ఊరికే కూచోబెట్టారు, కళ్లు చీకటికి అలవాటు పడాలట. చుక్కలు వేసి, గాజు గిన్నె కంటి మీద పెట్టి, తీగ తగిలించారు. నేను గోడకి ఆనుకుని పాపని గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. తళుక్కున వెలుగు. లస్కరు చావలేదు. అబ్బా అని కూడా అనలేదు. మిషను కలం కాగితం మీద గీత గీసుకుంటూ పోయింది. ఆ గీత చదును చేసిన మడిలా ఉంది. లేవలేదు. డాక్టరమ్మ తీగలు సరిచేసి మళ్లీ చూసింది. మళ్లీ అంతే. రెండో కంటికి పెట్టింది. అదీ అంతే.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఫర్లాంగు దూరాన గట్టు తెంపేవాణ్ణి పట్టుకునే మనిషి. కళ్లున్నవాడికే కళ్లు లేవంటోంది మీ మిషను, ఇది మా పిల్ల బతుకు తేలుస్తుందా, రాయి లాగే ఇదీ అబద్ధం అని అరిచి, తలుపు వైపు నడిచాను. ఈసారి వెళ్లిపోతే ఇక రానని నాకు తెలుసు. మా ఆవిడకీ తెలుసు.

"ఆగు," అన్నాడు లస్కరు. కుర్చీలోనే ఉన్నాడు, కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి, మందుకి. "మిషన్ అబద్ధం ఆడలే."

నా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ చెప్పాడు. "పొద్దు గూకితే నాకు ఏం కనపడదు. శాన ఏండ్లాయె. పగటి పూట గూడ ముంగట ఉన్నదే కనపడ్తది, పక్కలు కనపడవ్, గొట్టంలకెల్లి చూసినట్లు. నాచు తుడుస్తున్న అనుకుంటివి గదా నువ్వు. గీతలు నేనే ఉలితోని చెక్కుకున్న. తెల్లారగట్ల ఏలితోని చదువుతున్న."

డాక్టరమ్మ దగ్గరికొచ్చి ఏవో అడిగింది. అన్నిటికీ అవునన్నాడు. ఆవిడ మెల్లిగా నాతో అంది, మిషను ఇతని కన్ను గురించి నిజమే చెప్పింది, ఈ జబ్బులో ఎదురుగా ఉన్నది ఇంకా కనపడుతున్నా గీత ముందే పడిపోతుంది అని.

లస్కరు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గిది తెలిస్తే ఆఫీసోళ్లు నన్ను ఒక్క దినం ఉంచరు. నా నౌకరి ఇగ నీ చేతుల ఉన్నది, పొయ్యి చెప్పుకో. ముందుగాల బిడ్డను పండబెట్టు."

నేను పండబెట్టాను.

నిద్రమందు తాగించారు. పాప నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. గాజు గిన్నెలు మరీ చిన్నవి, బొమ్మల పెళ్లికి పెట్టేలాంటివి. వెలుగు తళుక్కుమంది. గీత లేచిందండీ. ముందు కాస్త కిందికి దిగి, అక్కణ్ణుంచి పైకి లేచింది, మా మస్కి గుట్టలాగా. మళ్లీ వెలుగు, మళ్లీ గుట్ట. రెండో కన్ను, మళ్లీ గుట్ట. డాక్టరమ్మ ఆ కాగితం నా చేతికిచ్చి, వెనక బతికే ఉంది అంది. నాకు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది, ఒళ్లో పిల్ల ఉండి వీలు కాలేదు.

బయట బల్ల మీద లస్కరు కంటికి దూది పెట్టుకుని కూచున్నాడు. చెప్పాను. "బరాబర్. షట్టరే దిగున్నదని అంటి గదా," అన్నాడు. అని, తిరుగు రైలు ఎన్నింటికో కనుక్కోమన్నాడు.

ఆపరేషన్లు రెండు, ఒక్కో కంటికి ఒకటి. తర్వాత సోడాబుడ్డి అద్దాలు. ఆలస్యంగా వచ్చారు కనక చూపు నిండుగా రాదని డాక్టరమ్మ ముందే చెప్పింది, చూడటం కూడా నేర్చుకోవాలంది. నిజమే. అద్దాలు పెట్టిన కొత్తలో మా పాప మమ్మల్ని గుర్తుపట్టాలంటే కళ్లు మూసుకుని చేత్తో తడిమేది. గేజి రాయి దగ్గర కూడా అంతే, లస్కరు ఎత్తుకుని దింపితే గీతల మీద వేలు పెట్టి చెప్పేది. కళ్లతో చెప్పు అంటే మూతి ముడిచేది. రోజూ తుడిచే పనిలో అతను ఆ పిల్లని పక్కన నిలబెట్టుకునేవాడు. అంతకు మించి మా ఇంట్లో ఎవరితోనూ మాట కలపలేదు.

నాతో అయితే ఏం మారలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన వారానికే, నా వంతు అయిపోయిందని, సగం మడి ఎండుతుండగా షట్టరుకి తాళం వేశాడు. నేను తిట్టాను. "నేను నీకు దోస్తును కాను. బిడ్డకు," అని తాళంచెవి మొలకి కట్టుకున్నాడు.

ఆ వేసవిలో నీళ్లు తగ్గాయి. క్యాంపు పెద్దలు చెట్టు కింద చేరి, లస్కరుని ఇక్కణ్ణుంచి తీయించాలని అర్జీ తయారుచేశారు. ఒక్కొక్కర్నీ అడుగుతున్నారు, అతని మీద చెప్పడానికి ఏముందని. నా దగ్గర ఉన్న ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది, చెప్పకపోవడం నా మంచితనం అనుకోకండి. మా మడి ఎండిపోతోంది. కాని ఆ మాట నేను కనిపెట్టింది కాదు, అతను నా చేతిలో పెట్టింది, మా పాపని ఆ బల్ల మీద పండబెట్టించడానికి. అతను తిట్టే మనిషే, కాని రాయి సరిగ్గానే చదువుతాడు అన్నాను. అందరూ నా మొహం చూశారు. పదేళ్లుగా రాయి అబద్ధమన్నది నేనే కదా. అర్జీ అక్కడితో ఆగింది.

మర్నాడు గట్టు మీద ఎదురై, "నా తరఫున మాట్లాడినవంట. ఎవరడిగిన్రు నిన్ను?" అన్నాడు. ఆ వారం నా వంతులో ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వలేదు.

పోయిన నెలలో పాపకి అద్దాలు మార్చారు. మంగళవారం పొద్దున తూము దగ్గరికి తీసుకెళ్లాను. లస్కరు నాలుగు రోజులుగా కనపడటం లేదు, సెలవులో ఉన్నాడనుకున్నాను. రాయికి నాచు పట్టి ఉంది. నేనే దిగి, తువ్వాలుతో తుడిచి, పైకొచ్చాను. పాప గట్టు మీదే నిలబడి ఉంది. మెడ కాస్త వంచింది.

"రెండు," అంది. "రెండు మీద ఏడు గీతలు."

నేను మళ్లీ దిగాను. వేలితో లెక్కపెట్టాను. రెండు మీద ఏడు.

లస్కరు రాగానే ఏమనాలో అప్పటికప్పుడు తయారు చేసుకున్నాను. ఇక నువ్వు ఇంటికి పోవయ్యా, రాయి చదవడానికి మా పాప ఉంది అని. అతను దానికి ఏం తిడతాడో కూడా ఊహించుకుని నవ్వుకుంటూ నిలబడ్డాను. అప్పుడే షట్టరు దగ్గర తాళంచెవితో వేరే మనిషి.

మర్నాడు పొద్దున నేను పార తీసుకుని తూము పక్కన దిగాను. నడుం లోతు నీళ్లలో మెడ దాకా మునిగితే, అడుగున, పదేళ్ల కింద దూర్చిన సిమెంటు గొట్టం. బంకమట్టి కూరి, రాళ్లు పెట్టి, పైన మళ్లీ మట్టి కూరి మూసేశాను. మధ్యాహ్నం అయింది. మా ఆవిడ పాపని తీసుకుని గట్టు మీదికొచ్చి, ఏం చేస్తున్నారని అడిగింది. చెప్పాను, మొదటిసారి. ఆవిడ పాపని రాయి వైపు తిప్పింది.

"రెండు మీద ఎనిమిది," అంది పాప.

ఒక్క గీత.

ఇక ఉత్తరాలు రాయాలి. దాని మీద ఇంట్లో పెద్ద చర్చ. శుభవార్త కార్డుకి నాలుగు మూలలా పసుపు పెడతాం. చావు కబురు కార్డు చదివిన వెంటనే చింపేస్తాం. రెండు కబుర్లూ ఒకే కార్డు మీద రాస్తే ఏం చెయ్యాలని మా ఆవిడ అడుగుతోంది. పసుపు పెట్టి రాద్దాం, చింపుకుంటారో దాచుకుంటారో వాళ్ల ఇష్టం అన్నాను. రాయాల్సిన వాళ్లు వీళ్లు. మా అన్నయ్యకి, పాప పన్నెండు అడుగుల దూరం నుంచి అంకె చదివిందని, దూరం నేను కొలిచి మరీ రాస్తున్నానని. మా వదినకి వేరే కార్డు, ఆశ్రమం చిరునామా ఇక అక్కర్లేదని. మా అత్తగారికి, గ్రహణం విడిచిందని. మా తమ్ముడి భార్యకి, ఆ కరెంటు వేరు, ఈ కరెంటు వేరని, నెమ్మదిగా అర్థమయ్యేలా. మా ఆవిడ మేనమామకి, ఆయనొక్కడే జిలేబీ మళ్లీ ఎప్పుడని అడుగుతుండేవాడు కనక. రాయచూరులో లస్కరు తమ్ముడికి, కాంపౌండరుకి, కార్డు కాదు కవరు, లోపల మా పాప కంటి గీత కాగితం ఒకసారి చూసి పంపమని. ఆఖర్న లస్కరు చెల్లెలికి, కాలువ చివరి ఊళ్లో. ఆవిడకి ఉత్తరం లేదు, పాపని తీసుకుని గట్టు వెంటే నేను వెళ్తాను. అన్న పోయిన సంగతి ఆవిడకి తెలిసే ఉంటుంది. చెప్పాల్సింది ఆ ఒక్క గీత సంగతి.